రెండు వైపులా రాసిన నంబరు

2025 అక్టోబర్ 9

శ్రావణి దీదీ,

ఫోన్ చెయ్యకు. ఇంట్లో అందరూ ఉన్నారు, మాటాడలేను. రాస్తన్నాను, చదువుకో.

నా అకౌంట్ మూసీసేరు. పొద్దున్న లేచి చూస్తే లేదు. నాలుగొందల పన్నెండు మంది చూసేవోరు దాన్ని. నేనేటి తప్పు రాసేను? మన క్రీక్ ఉప్పునీళ్ళలో మగర్ ఎక్కడ కనబడిందో రాసేను. రోజూ అదే కదా రాస్తాను. ‘అయిదింటికి పాత జెట్టీ కాడ మొసలి ఉంది, వలలు కడగడానికి అటు దిగొద్దు.’ ఒక ఫోటో. అంతే, బస్.

ఎవరు మూయించేరో నాకు తెలుసు. రాజ్‌కిరణ్ భయ్యా. ఎర్ర కయాక్ పడవలు తెచ్చి టూరిస్టుల్ని మడ చెట్లలోకి తిప్పుతాడు చూడు, ఆయన. సోమవారం వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. ‘ఏరా తమ్ముడూ, ఆ ఫోటోలు తీసీ. ఢిల్లీ వోళ్ళు అండమాన్ వస్తామని బుకింగ్ చేసి, నీ మగర్‌ని చూసి కేన్సిల్ చేస్తన్నారు’ అన్నాడు. వల బాగుచేస్తా తల దించుకున్నాను. ఆయన వెళ్ళిపోయినాక చాలా మాటలు వచ్చేయి. అన్నీ ఆ వలనే తిట్టేను. మూడు రోజులకి అకౌంట్ పోయింది. చాలామంది కలిసి కంప్లెంట్ నొక్కితే పోతాదంట.

ఎవరికి చెప్పుకోవాల? ఆ యాప్‌లో మనిషే లేడు. నొక్కితే ‘మీ అప్పీలు అందింది’ అంటాది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అందింది అంటాది.

ఇయ్యాల ఎరుకమ్మత్త పీతల బుట్ట పట్టుకుని వచ్చి, ‘నీ ఫోను ఏటంటంది రా, దిగమంటాదా?’ అంది. వద్దని చెయ్యి ఊపేను. ఆవిడొక్కర్తికీ ఊపేను గానీ ఊరందరికీ ఎలగ ఊపుతాను?

నువ్వు రంగత్‌లో మొబైల్ షాపులో కూచుంటావు కదా. ఎవడూ మూయలేని యాప్ ఒకటి చెప్పు. నాకు గుస్సాతో అన్నం దిగట్లేదు.

పైడిబాబు

*

రంగత్
అక్టోబర్ 10

ఒరే పైడీ,

అన్నం తిను. యాప్ మీద కోపం బాబాయి వండిన చేపల పులుసు మీద చూపించకు.

ఉన్నాయిరా, ఒక కంపెనీ గుప్పిట్లో లేనివి. మన షాపుకి ఎవరూ వీటి కోసం రారు, అందుకని నాకూ కొత్తే. నిన్న కూర్చుని చూశాను. నువ్వు వాడింది ఒకటే పెద్ద ఓడ అనుకో. కెప్టెన్ దింపేస్తే ఇంక అంతే. మాస్టడాన్ అలా కాదు. అందులో వేలకొద్దీ చిన్న బోట్లు. ఒక్కోదాన్ని సర్వర్ అంటారు. ప్రతి దానికీ ఒక ఓనరు, అతని రూల్సు. నువ్వు ఏ బోటెక్కినా పక్క బోట్ల వాళ్ళతో మాట్లాడొచ్చు. ఓనరు నచ్చకపోతే ఇంకో బోటుకి మారొచ్చు. నిన్ను చూసేవాళ్ళు నీ వెనకే వస్తారు, పాత పోస్టులు మాత్రం రావు.

రెండోది బ్లూస్కై. చేరడం రెండు నిమిషాలు, చూడ్డానికి నీకు అలవాటైన యాప్ లాగే ఉంటుంది. అందులోనూ మూట కట్టుకుని వేరే చోటికి పోయే ఏర్పాటు ఉంది గానీ, ఇప్పటికి దాదాపు అందరూ ఒకే కంపెనీ దగ్గర ఉన్నారు. నోస్టర్ అని మూడోది ఒకటుంది. అది కొత్తవాళ్ళకి కాదు, వదిలెయ్.

ముందు మాస్టడాన్‌లో చేరు. ఏ సర్వర్ అని అక్కడే చాలామంది ఆగిపోతారట. నువ్వు ఆగకు, ఏదో ఒకటి ఎక్కెయ్. క్రీక్‌లో వాళ్ళెవరూ చేరక్కరలేదు. నీ పేజీ లింకు ఇస్తే ఎవరి ఫోన్‌లో అయినా తెరుచుకుంటుంది.

ఇక్కడ మూడు రోజులుగా వాన. బస్సుల్లో వచ్చిన వాళ్ళంతా తడిసిన ఫోన్లు తెచ్చి నా ముందు పెట్టి, డాక్టరమ్మని చూసినట్టు చూస్తున్నారు.

నీ దీదీ
శ్రావణి

*

అక్టోబర్ 17

దీదీ,

ఏదో ఒకటి ఎక్కమన్నావు. ఎక్కేను.

లంగరు బొమ్మ ఉన్న సర్వర్ కనబడింది. మన వోళ్ళే అనుకున్నాను. తీరా లోపలికెళ్తే అందరూ జర్మనీ వోళ్ళు. తెల్ల తెరచాపల పడవలు, కుక్కలకి కూడా లైఫ్ జాకెట్లు. సరే, రాసింది తెలుగే కదా, నాకేటని రాసుకున్నాను.

మంగళవారం ముసలమ్మ గారి మేకని మగర్ పట్టుకుపోయింది. నేను ఫోటో తీసేను, నోట్లో మేకతో సహా. పెట్టేను. గంటకి ఆ సర్వరాయన మెసేజ్ పెట్టేడు. తర్జుమా చేసుకుని చదివేను. ‘స్వాగతం. మీ ఫోటో చూసేవారికి భయం కలిగిస్తుంది. దయచేసి దానికి ముసుగు వేయండి’ అని. భయపడాలనే కదా దీదీ పెట్టేను. మరి దేనికి పెడతారు?

ఆయన నెమ్మదిగానే చెప్పేడులే. వేసేను ముసుగు. మర్నాడు ఎరుకమ్మత్త ఫోన్ తెరిచింది. బూడిద రంగు పెట్టె కనబడింది. దాని మీద నొక్కాలని ఆవిడకేటి తెలుసు? ‘ఇయ్యాల ఏటీ లేదు’ అనుకుని మోకాలి లోతు దిగిపోయింది. నేను ఒడ్డు మీంచి చూసి, పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకు లాగేను. ‘నోటితో చెప్పలేవేటి రా, ఎముకలు విరిచీసేవు’ అని తిట్టింది.

బ్లూస్కై కూడా తెరిచేను. బావుంది, సులువుగా ఉంది. కానీ కంపెనీ ఉంది కదా దానికీ. రాజ్‌కిరణ్ మనుషులు అక్కడా నొక్కుతారు. ఓనరున్నది నాకు వద్దు. మూడోది ఉంది అన్నావు. అదెందుకు దాచేవు? నాకు చదువు లేదనా?

పైడి

*

రంగత్
అక్టోబర్ 19

పైడీ,

దాచలేదు. వద్దన్నాను. రెండూ ఒకటి కాదు.

ఆ జర్మనీ ఆయన తప్పు ఏముంది? ముసుగు వేసినా పైన నాలుగు ముక్కలు రాయొచ్చు, అవి అందరికీ కనబడతాయి. లేదా వేరే సర్వర్‌కి మారొచ్చు. బ్లూస్కైలో నిన్ను ఎవరూ ఏమీ అనకుండానే పారిపోయి వచ్చేస్తున్నావు. నీ కోపం ఎవరి మీదో, తలుపులు వేసేది ఎవరి మీదో నాకు అర్థం కావడం లేదు.

సరే, విను. రేపు దీపావళి, షాపు నిండా జనం, ఒక చేత్తో టైపు చేస్తున్నాను. నోస్టర్‌కి ఓనరు లేడు. చేరగానే నీకు రెండు పొడుగాటి నంబర్లు వస్తాయి. వాళ్ళు వేరే పేరుతో పిలుస్తారు గానీ నువ్వు కంగారు పడతావని నంబర్లు అంటున్నాను. ఎన్‌పబ్ అని మొదలయ్యేది అందరికీ ఇచ్చేది. ఎన్‌సెక్ అని మొదలయ్యేది నీది. రెండోది పోతే నువ్వు పోయినట్టే. మర్చిపోయానంటే మళ్ళీ ఇచ్చేవాడు లేడు, మార్చుకోవడమూ లేదు. అందుకని ఫోన్‌లో ఒక్కచోటే ఉంచకు. చెరిగిపోని చోట గట్టిగా రాసి పెట్టుకో.

ఆ నంబరు ఉన్నంతకాలం ఆ పేరు నీదే. ఎవడూ మూయలేడు. తృప్తేనా?

ఎవరో రెండు ఛార్జర్లు పట్టుకుని నా మొహంలోకే చూస్తున్నాడు. ఉంటాను.

శ్రావణి

*

నవంబర్ 2

దీదీ,

తృప్తే. అయిపోయింది. నోస్టర్‌లో ఉన్నాను. ముసుగు లేదు, జర్మనీ లేదు. లింకు ఇంటింటికీ వెళ్ళి ఫోన్లలో పెట్టి వచ్చేను. నలభై ఇళ్ళు. గుమ్మంలో నిలబడి ఫోన్ ఇమ్మని చెయ్యి చాపడమే, ఏటీ మాటాడక్కర్లేదు.

నువ్వు చెప్పినట్టే నంబర్లు రాసీసేను. తెల్ల ఎనామిల్ పెయింట్, కొత్త బ్రష్షు. ఒక్కోదానికి అరవై మూడు అక్షరాలు ఉన్నాయి. రెండ్రోజులు పట్టింది. నడుం పడిపోయింది. ఇంక వానొచ్చినా ఉప్పునీరు తగిలినా పోవు.

నాన్న చూసి ‘ఇదేటి రా, మంత్రమా?’ అన్నాడు. నవ్వేడు. నాన్న నవ్వి చాన్నాళ్ళయింది.

రాజ్‌కిరణ్ భయ్యా మళ్ళీ వచ్చేడు. ‘దీన్నీ మూయిస్తాను చూడు’ అన్నాడు. మొదటిసారి తల దించలేదు. లోపల మాత్రం ఉడికిపోయేను.

పైడిబాబు

*

రంగత్
నవంబర్ 12

ఒరేయ్ పైడీ,

ఇప్పుడే నీ పేజీ చూశాను. మొసలిని నిన్న బోనులో పట్టేశారటగా. ‘క్రీక్ సాఫ్. అందరూ దిగవచ్చు. టూరిస్టులకు స్వాగతం’ అని రాశావు. చదివి షాపులో అందరికీ చెప్పాను. మా ఓనరు జిలేబీ తెప్పించాడు.

పైగా ఎంత చక్కగా రాశావురా. ఒక్క తప్పు లేదు. టూరిస్టులకి కూడా స్వాగతం చెప్పావంటే, నీకూ రాజ్‌కిరణ్‌కీ రాజీ కుదిరిందన్నమాట. మంచి పని చేశావు. కోపం పెట్టుకుని ఎన్నాళ్ళుంటాం.

ఎరుకమ్మత్తని అడిగానని చెప్పు. ఆవిడ పీతలు తిని ఏడాదయింది.

శ్రావణి

*

నవంబర్ 13

నేను రాయలేదు.

నువ్వు కూడా నమ్మేవు. నాకు తప్పుల్లేకుండా రాయడం వస్తాదా దీదీ? నేను టూరిస్టులకి స్వాగతం చెప్తానా? ఏ ముక్క చూసి నేననుకున్నావు? జిలేబీలు తిన్నావు.

నేను ఆ రోజు నాన్నతో సముద్రం మీద ఉన్నాను. సిగ్నల్ లేదు. వచ్చేసరికి ఒడ్డు నిండా జనం. ఎరుకమ్మత్త ఫోన్ చూసుకునే దిగింది. ‘పైడిగాడు దిగమన్నాడు’ అని పక్క వోళ్ళకి చెప్పి మరీ దిగిందంట. కుడి కాలు పిక్క కాడ పట్టింది. బుట్టతో మొహం మీద కొట్టి కొట్టి ఇడిపించుకుంది. పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో ఉంది. కాలు ఉంటాదో తీసేస్తారో రేపు చెప్తారంట.

ఆవిడ కొడుకు మా గుమ్మంలోకి వచ్చి నాన్న చొక్కా పట్టుకున్నాడు. ‘జోగులన్నా, నీ కొడుకు మా అమ్మని మొసలికి ఏసేడు’ అన్నాడు. నాన్న నా వేపు చూసేడు. నేను ఫోన్ తీసి ‘నేను కాదు’ అని రాసి చూపించేను.

ఎవడూ మూయలేడు అన్నావు. నిజమే. ఆ పోస్టు తీసీమని అడగడానికి కూడా ఎవడూ లేడు. నేను తుడిచినా అలాగే కొన్నిచోట్ల కనబడతంది.

*

రంగత్
నవంబర్ 13, సాయంత్రం

పైడీ,

నేను నమ్మాను, నిజమే. నన్ను తర్వాత తిట్టు. ముందు ఇది చెప్పు. ఎన్‌సెక్ నంబరు లేకుండా నీ పేరు మీద ఎవరూ రాయలేరు. అది ఎవరికిచ్చావు? ఫోన్ ఎవరి చేతికైనా ఇచ్చావా? రాజ్‌కిరణ్ మనుషులు బతిమాలితే, బెదిరిస్తే ఇచ్చేశావా? డబ్బులు తీసుకున్నావా? తీసుకున్నా చెప్పు, నేను ఎవరికీ చెప్పను.

శ్రావణి

*

నవంబర్ 14

డబ్బులా. అంత మాటన్నావు.

ఎవరికీ ఇవ్వలేదు. బోటు మీద ఉంది. నువ్వే కదా చెరిగిపోని చోట రాయమన్నావు. బోటుకి నంబరు ఎక్కడ రాస్తారు? ముందు భాగంలో ఎడం పక్కా, కుడి పక్కా. నీకు రెండు నంబర్లు వస్తాయన్నావు. ఎడం పక్క ఎన్‌పబ్. కుడి పక్క ఎన్‌సెక్. దూరం నించి కనబడేలాగ పెద్దగా రాసేను.

పోయినేడు మన నంబరు పెయింటు పోయిందని కోస్ట్ గార్డ్ వోళ్ళు బోటు ఆపి నాన్నని రెండు రోజులు తిప్పేరు. నంబరు దాచిన బోటు అంటే దొంగ బోటు. సముద్రంలో ఎవరికైనా తెలుసు. నాది అన్న నంబరు నేను దాస్తే, నాది కాదనుకోరా?

కయాక్ టూరిస్టులు ఆగి ఫోటోలు కూడా తీసుకున్నారు. నాకు గర్వంగా ఉండేది.

పైడి

*

రంగత్
నవంబర్ 14

పిచ్చి గుంటడా, అది ఎవరికీ చూపించకూడదురా. ఇంటి తాళం చెవి లాంటిది. తాళం చెవి తలుపుకే వేలాడదీసి పడుకుంటామా? దాచుకో అని నీకు ఎన్నిసార్లు చెప్పాను. ఒక ఆడమనిషి కాలు పోయేలా ఉంది. ఒక్క ముక్క చెప్పినట్టు వినుంటే ఇంత జరిగేదా?

*

నవంబర్ 14

పైకెళ్ళి చదువు. అక్టోబర్ 19.

*

రంగత్
నవంబర్ 16

పైడీ,

చదివాను. నాలుగుసార్లు చదివాను.

దాచుకో అన్న మాట అందులో లేదు. ‘నీది’ అన్నాను, ‘గట్టిగా రాసి పెట్టుకో’ అన్నాను. దానికి అసలు పేరే కీ. తాళం చెవి. ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పుంటే నువ్వు జేబులో పెట్టుకునేవాడివి. నీకు అర్థం కాదని నేనే దాన్ని నంబరు చేశాను. నీ చదువు గురించి నువ్వు అడిగినప్పుడు నాకు కోపం వచ్చింది. నువ్వు అన్నది తప్పు కాదు. డబ్బు సంగతి అడిగినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఇప్పుడు జరిగేది చెప్తాను, ఏమీ తగ్గించకుండా. ఆ పేరు ఇంక తిరిగి రాదు. కీ మార్చడానికి లేదు. వాళ్ళ దగ్గర ఉన్నంతకాలం నీ పేరుతో రాస్తూనే ఉంటారు. కొత్తది ఎక్కడైనా తెరవొచ్చు, మాస్టడాన్ అయినా, బ్లూస్కై అయినా. కానీ నువ్వు కొత్తదాంట్లో ‘ఇదే అసలు పైడి’ అని రాస్తే, వాడు పాతదాంట్లో ‘కాదు, ఇదే అసలు’ అని రాస్తాడు. రాతలో ఇద్దరూ ఒకటే. నీ మొహం, నీ గొంతు మాత్రం వాడి దగ్గర లేవు.

నీకు అది ఎంత కష్టమో తెలుసు. నేను వచ్చి నీ పక్కన నిలబడతాను. శుక్రవారం దాకా సెలవు ఇవ్వనన్నారు.

శ్రావణి

*

నవంబర్ 19

దీదీ,

శుక్రవారం దాకా ఆగలేకపోయేను.

ఎరుకమ్మత్త కాలు ఉంచేరు. పిక్క సగం పోయింది, కర్రతో నడవాలంట. ఆవిడని చూడ్డానికి వెళ్ళేను. ఎక్కడ నిలబడాలో తెలీక తలుపు కాడే ఉండిపోయేను. ‘నువ్వు రాయలేదంట కదా’ అంది. తలూపేను. ‘నాకూపితే ఏటి లాభం రా, నేను మళ్ళీ ఎలాగూ దిగను. దిగేవోళ్ళకి చెప్పు’ అంది. మొహం అటు తిప్పీసుకుంది.

నిన్న పొద్దున్న బోట్లన్నీ ఒడ్డుకొచ్చిన టైముకి వెళ్ళేను. ‘నువ్వు చెప్పు’ అని నాన్నని అడిగేను. ‘నేను చెప్తే కొడుకుని ఎనకేసుకొచ్చేడంటారు’ అన్నాడు. ఐస్ పెట్టె ఎక్కి నిలబడ్డాను. అందరూ చూస్తన్నారు. జేబులో ఫోన్ తడుముకున్నాను. ఎవడో ‘ఏరా, ఇదీ ఫోన్లోనే రాస్తావా?’ అన్నాడు. నవ్వేరు. అప్పుడొచ్చింది దీదీ. నెల రోజుల నించి ఉన్న కోపమంతా వచ్చింది.

ఆ పోస్టు నేను రాయలేదన్నాను. నా తాళం చెవి నేనే బోటు మీద రాసుకున్నాను, తెలీక రాసేను, అది నా తప్పు అన్నాను. ఎరుకమ్మత్త కొడుకు ‘మరెవరు రాసేరు?’ అన్నాడు. రాజ్‌కిరణ్ భయ్యా అక్కడే ఉన్నాడు, టీ తాగతన్నాడు. ఆయన్నే అడిగేను. ‘భయ్యా, ఆ రోజు క్రీక్ సాఫ్ అయితే నీ కయాక్‌లు నీళ్ళలోకి ఎందుకు దిగలేదు?’

‘అబే, ఆ రోజు బుకింగే లేదు’ అన్నాడు.

టీ కొట్టు నూకయ్య గ్లాసులు కడుగుతా, తల ఎత్తకుండా, ‘లేకేటి? ఆరుగురొచ్చేరు. రేపు రమ్మని నువ్వే ఎనక్కి పంపించీసేవు. ఆరు టీలూ నేనే ఇచ్చేను’ అన్నాడు.

రాజ్‌కిరణ్ గ్లాసు అక్కడే పెట్టీసి బండెక్కి ఎల్లిపోనాడు. ఎరుకమ్మత్త కొడుకు ఆయన ఎనకాల వెళ్ళేడు. నాన్న వెళ్ళి ఆపేడు. పోలీసు కాడికి అందరం కలిసి వెళ్దాం అన్నాడు. ఈ రోజు మధ్యాహ్నం వెళ్తన్నారు, నన్నూ రమ్మన్నారు. అక్కడ కూడా నేనే చెప్పాల.

నీ మీద కోపం పోలేదు. కొంచెం ఉంది. డబ్బులు అన్నావు చూడు, అది అలాగే ఉంది. అయినా శుక్రవారం రా. వచ్చి కొత్తది పెట్టు. మాస్టడానో, బ్లూస్కైయో, ఓనరున్నా ఫర్వాలేదు, అడగడానికి ఒక మనిషుంటాడు. ఈసారి సులువు చేసి చెప్పకు. మొత్తం చెప్పు. అర్థం కాకపోతే నేను అడుగుతాను.

ఇయ్యాల పొద్దున్న కూడా ఆ పేరు మీద పోస్టొచ్చింది. ‘పుకార్లు నమ్మవద్దు. క్రీక్ సాఫ్. మీ పైడిబాబు’ అని. అయిదున్నరకి అందరి ఫోన్లలోనూ వచ్చింది. మగర్ పాత జెట్టీ కాడ, నీళ్ళ మీద కళ్ళు పెట్టి ఉంది. నేను ఒడ్డున నిలబడి అరిచేను. గొంతు పోయింది, అందుకే ఇది రాస్తన్నాను.

ఒక్కళ్ళూ దిగలేదు.

పైడి